పేర్ల వెంట రెండు రోజులు: త్బిలీసి, మ్త్స్ఖేతాలలో ఒక నడక

కాకసస్ పర్వతాల దేశం జార్జియా రాజధాని త్బిలీసిలోని ఒక చిన్న పర్యటన సంస్థ రెండు రోజుల ‘పేర్ల నడక’ను నిర్వహిస్తోంది. కోటలనూ ద్రాక్షసారా గాదెలనూ వేడినీటి స్నానశాలలనూ చూపించే పర్యటనలు ఆ నగరంలో కావలసినన్ని ఉన్నాయి. జార్జియా చరిత్రలో మనుషులు ఏయే పేర్లు పెట్టుకున్నారు, అవి ఎక్కడి నుంచి వచ్చాయి, వాటిని ఏ క్రమంలో చెక్కేవారు, రాసేవారు అన్న ఒక్క అంశం మీదే నడిచే పర్యటన మాత్రం నాకు ఇదొక్కటే కనిపించింది. మనిషికి 220 లారీలు తీసుకున్నారు. లారి అన్నది అక్కడి నాణెం పేరే గాని బండి కాదు. టికెట్లు, దగ్గరి పాత రాజధాని మ్త్స్ఖేతాకు రానుపోను ఖర్చు మనవే. మా బృందంలో ఏడుగురం ఉన్నాం. పాత జార్జియన్ భాషను కొన్నేళ్లు బోధించిన ఒక నడివయసు స్త్రీ మాకు గైడుగా వ్యవహరించారు. రెండో రోజు ఒక్కదానికే ఆ సొమ్ము ఇచ్చేయవచ్చునని నా అభిప్రాయం. మొదటి రోజులోనూ మంచి సరుకు ఉంది గాని, అందులో కొంత తాలు కూడా కలిసింది.

నడక మొదలయ్యేది ఒక సమాధి రాయితో. మ్త్స్ఖేతా దగ్గరి అర్మజిలో 1940లో బయటపడిన ఈ రాయి మీద ఒకే విషయం రెండు భాషల్లో, గ్రీకులోనూ అరమాయిక్‌లోనూ ఉంది. క్రీస్తు శకం 2వ శతాబ్దానికి చెందిన ఆ రాతలో, ఇరవై ఒకటో ఏట చనిపోయిన సెరపిత అనే యువతిని తలచుకుంటూ, ఆమె అందానికి సాటి లేదని చెప్పారు. గైడు ఆ రాయి ఫొటోను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి తలా ఒకటి పంచి, ఒక్కొక్క పేరు కింద వేలు పెట్టి చదివించారు. సెరపిత అన్న పేరులో ఈజిప్టు దేవుడు సెరాపిస్ ఉన్నాడు. ఆమె తండ్రి జెవాఖ్. ఆయన కొలిచిన రాజు పేరు ఫర్స్‌మాన్. అది ఇరానీ పేరు. భర్త యోద్‌మంగన్, మామగారు పూర్తిగా రోమన్ పేరున్న పుబ్లికియుస్ అగ్రిప్ప. ఒక్క కుటుంబంలో, ఒక్క రాతిపలక మీద, రోము నుంచి ఇరాన్ దాకా, ఈజిప్టు దాకా పేర్లున్నాయి. ఇక్కడ అచ్చ జార్జియన్ పేరు ఏదని మాలో ఒకరు అడిగారు. గైడు జవాబు చెప్పకుండా ఆ ప్రశ్ననే రెండు రోజుల పాటు మా ముందు వేలాడదీశారు. చెప్పే తీరు తెలిసిన మనిషి అని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ తరువాతి రెండు గంటలు ఇరానీ పొర మీద గడిచాయి. తెలుగు పాఠకులకు ఈ భాగం ఎంత చేరువగా ఉంటుందో గైడుకు తెలిసే అవకాశం లేదు; నేను మాత్రం కూర్చున్న చోటే నోటుపుస్తకం నింపేశాను. పాత ఇరానీ భాషలూ సంస్కృతమూ అక్కచెల్లెళ్లు కావడం వల్ల, మనకు సంస్కృతం నుంచి వచ్చిన మాటలు తెలిసి ఉంటే జార్జియా రాజుల పేర్లు సగం తెలిసినట్లే. బగ్రత్ అన్నది ‘బగదాత’, అంటే దేవుడిచ్చినవాడు. మహాభారతంలోని భగదత్తుడు అదే పేరుకు మన రూపం. బకూర్ అన్నది ‘బగపుహ్ర్’. ఆ ‘పుహ్ర్’ మన పుత్రుడే. వఖ్తాంగ్ అన్న పేరును ‘వహ్ర్క-తను’ అని, అంటే తోడేలు దేహం కలవాడని విడదీస్తారు. వృక, తను అని రాసుకుంటే వృకోదరుడు గుర్తుకు రాక మానడు. స్త్రీల పేర్ల చివర వచ్చే ‘-దుఖ్త్’ మన దుహితకు తోబుట్టువు. 5వ శతాబ్దపు రాజు వఖ్తాంగ్ తల్లి సగ్దుఖ్త్. జార్జియాను ఏకం చేసి 1014లో మరణించిన మూడో బగ్రత్ తల్లి గురాన్‌దుఖ్త్. ఇక రాజ్యానికి మూలపురుషుడిగా చెప్పుకునే ఫర్నవాజ్ పేరులోనూ, సెరపిత రాతిలో కనిపించే రాజు ఖ్సెఫర్నుగ్ పేరులోనూ ఉన్న ‘ఫర్న’ రాజులకు దైవం ఇచ్చే తేజస్సు.

వఖ్తాంగ్ దగ్గరే మొదటి రోజు లోపం కూడా బయటపడింది. ఆయనకు పుట్టినప్పుడు పారసీకంలో వరాన్-ఖుస్రో-తాంగ్ అని పేరు పెట్టారని, జార్జియన్‌లో వఖ్తాంగ్ అన్నారని పాత రాజచరిత్ర చెబుతుంది. శిరస్త్రాణం ముందు తోడేలు, వెనుక సింహం బొమ్మలు ఉండడం వల్ల శత్రువులు ఆయనను తోడేలు తలవాడని పిలిచారనీ, గొర్గసాలి అన్న బిరుదు అలా వచ్చిందనీ కూడా అదే చరిత్ర అంటుంది. ఇది చరిత్రకారుడు చెప్పిన కథ. వృక-తను అన్నది భాషావేత్తల విశ్లేషణ. ఈ రెండింటి మధ్య తేడాను గైడు ఒక్క మాటలోనైనా చెప్పలేదు. రెండూ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో వచ్చాయి. అంతటితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం, దేశానికి జార్జియా అన్న పేరు సెయింట్ జార్జ్ వల్లనే వచ్చిందని ఆవిడ ప్రకటించారు. జార్జియన్లు తమ దేశాన్ని సకార్త్వెలో అంటారు. అది కార్త్లి ప్రాంతం మీద ఏర్పడిన మాట. బయటివాళ్ల నోట జార్జియా అయిన పేరును పండితులు పారసీకపు ‘గుర్జ్’ వైపుకు, అక్కడి నుంచి తోడేలును సూచించే ఆ పాత ధాతువు వైపుకే తీసుకువెళతారు. గంట కిందట తోడేలు గురించి అంతసేపు మాట్లాడినవారు ఆ దారాన్ని తామే తెంపుకోవడం నాకు వింతగా తోచింది. మర్యాద తప్పకుండా అడిగాను. “ప్రయాణికులకు అదే నచ్చుతుంది” అన్నారు. పేర్ల గురించే డబ్బు తీసుకునే నడకలో అది సరైన జవాబు కాదు.

మొదటి రోజు సాయంత్రం మళ్లీ గాడిలో పడింది. మతం మారితే పేరు ఏమవుతుందన్న ప్రశ్న తీసుకుని, 6వ శతాబ్దంలో మ్త్స్ఖేతాలో చెప్పులు కుట్టుకుని బతికిన ఒక పారసీకుని కథ చెప్పారు. గ్విరోబందక్ అన్న పేరుతో వచ్చి, బాప్తిస్మంతో ఎవ్‌స్తాతి అయ్యి, ఆ పేరుతోనే మతం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షి అయ్యాడు. పాత పేరు చివరనున్న ‘బందక్’ బంటు అన్న అర్థంలోనిది. దీనికి పక్కన షూషానిక్‌ను నిలబెట్టారు: ఆర్మేనియా సేనాని వర్దాన్ కూతురైన ఆమెకు తండ్రి పేరే పెట్టారని, ముద్దుగా షూషానిక్ అని పిలిచేవారని ఆమె చరిత్ర రాసిన పూజారి మొదట్లోనే చెబుతాడు. చరిత్రలో నిలిచింది ముద్దుపేరే.

ఆ తరువాత రాగి నాణెం నమూనాలు చేతికిచ్చారు. గుండ్రంగా ఉండాలన్న పట్టింపు లేకుండా కొట్టిన ఆ నాణెం 1200 నాటిది. ఏడాదిని అంకెల్లో కాక ‘ఉ’, ‘క’ అన్న రెండు జార్జియన్ అక్షరాలతో వేశారు. మొదటిదానికి 400, రెండోదానికి 20. కొరొనికోన్ అనే ఆ లెక్కకు 780 కలిపితే మన 1200 వస్తుంది. మహారాణి తామర్ పేరూ ఆమె భర్త దవిత్ పేరూ ఒక్కొక్కటి రెండేసి అక్షరాలకు కుదించి ఉన్నాయి. పాత శాసనాల్లోనూ రాతప్రతుల్లోనూ పేర్లను ఇలా అచ్చులు తీసేసి, పైన ఒక గీత గీసి కుదించడం సర్వసాధారణం. కొత్తగా చదివేవారు తడబడేది ఇక్కడే. నాణేన్ని తిప్పితే వెనుక వైపు అరబీ లిపి. రాణులకు రాణి, జియోర్జి కూతురు తామర్ అని అక్కడ పొడుగ్గా ఉంది. సొంత లిపిలో రెండు అక్షరాలతో సరిపెట్టుకున్న ఆమె, పొరుగు వర్తకుల లిపిలో మాత్రం తండ్రి పేరుతో సహా కనిపిస్తుంది. తామర్ అన్నది హీబ్రూ పేరని, అర్థం ఖర్జూరపు చెట్టని గైడు చెప్పినప్పుడు నాకు తామర పువ్వే కళ్లముందు మెదిలింది. ఆ పోలిక వట్టి కాకతాళీయం.

రెండో రోజు ఉదయం జ్వరి గుడి. అరగ్వి, మ్త్క్వరి నదులు కలిసే చోటికి ఎదురుగా, కొండ కొన మీద, 6వ శతాబ్దం చివర్లో మొదలై 7వ శతాబ్దపు తొలి ఏళ్లలో పూర్తయిన కట్టడం అది. పర్యటకులు సాధారణంగా నదుల వైపు నిలబడి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. మమ్మల్ని గుడి వెనక్కి, తూర్పు గోడ దగ్గరికి తీసుకువెళ్లారు. అక్కడ గుడి కట్టించిన ప్రభువులు దేవదూతల సమక్షంలో, క్రీస్తు ముందర మోకరిల్లి ఉన్నారు; పక్కన వారి పేర్లు చెక్కారు. స్తెపానొజ్, దెమెత్రె, అదర్నసె. మొదటి రెండూ గ్రీకు పేర్లు, వాటి పక్కన బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం, ఇచ్చిన బిరుదులు. మూడో ఆయనకూ అలాంటి బిరుదే ఉంది గాని, ఆయన పేరు మాత్రం ఇరానీ ‘ఆదుర్-నర్సే’. ఆదుర్ అంటే అగ్ని, జొరాస్ట్రియన్లు కొలిచే అగ్ని. చర్చి గోడ మీద, దేవదూత పక్కన, అగ్నిదేవుడి పేరు పెట్టుకున్న క్రైస్తవుడు దర్జాగా ఉన్నాడు. మతం మారాక కూడా ఇంట్లో తాతల పేర్లు తరతరాలకూ దిగుతూనే వచ్చాయని చెప్పడానికి అంతకన్నా పెద్ద పాఠం అక్కరలేదు. గైడు కూడా అక్కడ ఏమీ అతిగా మాట్లాడలేదు. పది నిమిషాలు అందరం ఊరికే తల ఎత్తి చూస్తూ ఉండిపోయాం.

నడకకు ఆయువుపట్టు మాత్రం కింద, మ్త్స్ఖేతా పట్టణంలోని స్వెతిత్స్ఖొవెలి పెద్ద చర్చిలో ఉంది. 1010, 1029 మధ్య జార్జియా చర్చి అధిపతి (కాథలికొస్) మెల్కిసెదెక్ కట్టించిన ఆ చర్చి ఉత్తరపు గోడ మీద, బాగా ఎత్తున, మూలమట్టం పట్టుకున్న ఒక చేతిని చెక్కారు. పక్కనే, ఇది దాసుడైన అర్సుకిస్‌జె చేయి, క్షమించండి అన్న రాత. (జార్జియన్ ‘-జె’ను జడ, జాము అన్న మాటల్లో మనం పలికే దంత్య జకారంతో పలకాలి, మన పాత అక్షరం ౙ దీనికి చక్కగా సరిపోతుంది.) బైనాక్యులర్స్ చేతికిచ్చి అక్షరాలు ఒక్కొక్కటే చదివించాక, గైడు కాగితం మీద ఆ పేరును మూడు ముక్కలు చేశారు: అర్సుక్, -ఇస్, -జె. అర్సుక్ అన్నది తండ్రి పేరు. ‘-ఇస్’ షష్ఠీ విభక్తి. ‘జె’ అంటే కొడుకు. మన వ్యాకరణంలో చెప్పాలంటే అచ్చమైన షష్ఠీ తత్పురుష. అది అప్పటికి తండ్రి పేరు చెప్పే మాట. కాలక్రమంలో మధ్యనున్న ‘స’కారం అరిగిపోయి, కొడుకూ మనవడూ అన్న తేడా పోయి, అర్సుకిజె అన్న ఇంటిపేరు అవుతుంది. ఒక జాతి ఇంటిపేర్లు పుట్టిన తీరంతా ఆ ఒక్క రాతిచేయి పక్కన కనిపిస్తుంది.

అక్కడే చెట్టు నీడన కూర్చోబెట్టి చెప్పిన వ్యాకరణం నాకు మొత్తం పర్యటనలో బాగా నచ్చిన ముప్పావు గంట. మన డు-ము-వు-లు లాగే జార్జియన్‌కూ ప్రథమా విభక్తి ప్రత్యయం ఉంది. హల్లుతో ముగిసే నామానికి ‘-ఇ’ చేరుతుంది. దవిత్ వాక్యంలోకి రాగానే దవితి అవుతాడు, షష్ఠిలో దవితిస్. జియోర్జి చివరనున్న ‘ఇ’ మాత్రం ప్రత్యయం కాదు, పేరులో భాగమే. కాబట్టి షష్ఠిలో జియోర్జిస్ అవుతుందే గాని ఇకారం జారిపోదు. నినో, అన వంటి అచ్చుతో ముగిసే పేర్లకు ఏ ఇకారమూ అక్కరలేదు. విదేశీ పుస్తకాల్లో ఒకే మనిషి ఒకచోట తామర్, ఇంకోచోట తామరి అని ఎందుకు కనిపిస్తుందో దీనితో తేలిపోయింది. కొడుకుకు ‘జె’ అయితే కూతురుకు ‘అసులి’. పిలవడానికి పురుషులకు బటోనో, స్త్రీలకు కల్బటోనో అని ముందు చేర్చి సొంత పేరే వాడతారు తప్ప ఇంటిపేరుతో పిలవరు. ఎంత పెద్దవారినైనా అంతే.

ఇంటిపేర్ల చివరి ముక్కలను చకచకా చెప్పేశారు. అందులో తప్పులేదు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ‘-జె’ పశ్చిమాన ఎక్కువ; బిడ్డ అని అర్థమిచ్చే ‘-ష్విలి’ తూర్పున ఎక్కువ; ‘-ఇయ’, ‘-ఉవ’, ‘-అవ’ పశ్చిమాన ఉండే మెగ్రెలులవి; ‘-ఇయాని’ వాయవ్యపు కొండల్లోని స్వాన్‌లది; ‘-ఉలి’, ‘-ఉరి’ తూర్పు కొండలవి; ‘-ఎలి’ ఊరిని చెబుతుంది, రుస్తవి నుంచి వచ్చినవాడు రుస్తవెలి అయినట్టు. వృత్తులు కూడా ఇంటిపేర్లలో చేరాయి: కమ్మరి బిడ్డ మ్చెద్లిష్విలి, పూజారి బిడ్డ ఖుత్సిష్విలి. పదవులు కూడా చేరాయి: గుర్రపుశాలల అధికారి పదవి నుంచి అమిలఖ్వరి. 19వ శతాబ్దంలో రష్యా పాలన కింద కొన్ని పేర్లకు రష్యన్ తోక తగిలి, త్సిత్సిష్విలి అన్న కుటుంబం త్సిత్సియానొవ్ అయింది.

మొదటి రోజు వేలాడదీసిన ప్రశ్నకు జవాబు ఈ ఇంటిపేర్ల దగ్గరే ఇచ్చారు. అచ్చ జార్జియన్ పేర్లు చర్చి గోడల మీద తక్కువ, ఇంటిపేర్లలోనూ కొండ ఊళ్లలోనూ ఎక్కువ. మ్గెలి అంటే తోడేలు. మ్గెల అన్న మనిషి పేరు ఈనాడు మ్గెలాజె అన్న ఇంటిపేరులో దాక్కుని ఉంది. సూర్యుడిని మ్జె అంటారు; దాని నుంచి మ్జియ, మ్జెకల, పురుషుల్లో మ్జెచబుకి. ఈ చివరిది సూర్యుడి వంటి యువకుడని. 16వ శతాబ్దం తొలి ఏళ్లలో నైరుతిలోని సమ్త్స్ఖె ప్రాంతాన్ని ఏలిన అతబగ్ (అక్కడి పాలకుడి బిరుదు) పేరు అదే. అదే ప్రాంతంలో అదే శతాబ్దపు ప్రభువుల ఇంటి స్త్రీ దెదిసిమెది, అంటే తల్లి ఆశ. కుక్క అన్న మాట మీద జగ్లిక అని బిడ్డలకు పేరు పెట్టేవారని, దిష్టి తగలకుండా, చావు కన్ను పడకుండా అలా పెట్టేవారని గైడు చెబుతుంటే బృందంలో మిగతావాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెంటయ్యలూ పుల్లయ్యలూ ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవాణ్ణి, పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో ఆ పేరు ఎలా పుడుతుందో ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. ఈ భాగానికి కేవలం ఇరవై నిమిషాలు కేటాయించడం మొత్తం కార్యక్రమంలో పెద్ద లోటు. ఇరానీ రాజులకు పెట్టిన సమయంలో సగమైనా కొండవాళ్లకు పెట్టవలసింది.

చర్చి లోపల, 18వ శతాబ్దపు రాజు రెండో ఎరెక్లె సమాధి దగ్గర చివరి మజిలీ. తండ్రి తెయిమురజ్, పారసీక వీరగాథల తహ్మూరస్. కొడుకు ఎరెక్లె, గ్రీకుల హెరాక్లియోస్. మనవడు జియోర్జి, చర్చి సాధువు పేరు. మూడు తరాలకు మూడు ప్రపంచాలు. ఇరాన్ నీడలో బతికిన శతాబ్దాల్లో రాజులకు రెండేసి పేర్లుండేవి: ఇంట్లో ఐదో వఖ్తాంగ్, షా కొలువులో షానవాజ్, ఇంట్లో పదకొండో జియోర్జి, పారసీక రాతల్లో గుర్గీన్ ఖాన్, 1709లో కాందహార్ దగ్గర చంపబడింది ఆ రెండో పేరుతోనే. అంతకుముందు మంగోలుల కాలంలో ఇద్దరు దవిత్‌లు ఒకేసారి రాజులైతే పెద్దవాణ్ణి ఉలు అని, చిన్నవాణ్ణి నరిన్ అని మంగోలుల మాటలతోనే వేరుచేశారు. వీటి మధ్య కెతెవాన్ పేరు వచ్చింది. పారసీక గాథల కతాయూన్ పేరు పెట్టుకున్న ఈ కఖెతి (తూర్పు జార్జియా) రాణి, మతం మారనన్నందుకు 1624లో షీరాజ్‌లో చిత్రహింసలతో చనిపోయింది. ఆమె అవశేషాలు గోవాకు చేరిన సంగతి గైడు చెప్పారు గాని, అవి ఆమెవే కావచ్చునని డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చింది హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ అని నేను చెప్పవలసి వచ్చింది. ఆవిడ ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు.

వెళ్లదలచినవారికి కొన్ని మాటలు. నడక కష్టమైనది కాదు, కానీ జ్వరి దగ్గర గాలి విపరీతం. గైడు గొంతు వినిపించాలంటే ముందు వరుసలో నిలబడాలి. చర్చిలో స్త్రీలు తల కప్పుకోవాలి. అక్షరమాల ముందే నేర్చుకుని వెళితే లాభం రెట్టింపవుతుంది. ముప్పై మూడు అక్షరాలు, వారం పని. శాసనాల పాత లిపి వేరే ఉంటుంది. దానికి ఒక పట్టిక ఇస్తామని చెప్పి ఇవ్వలేదు, అడిగితే అచ్చు అయిపోయిందన్నారు. వ్యుత్పత్తి చెప్పినప్పుడల్లా ఇది ఎవరి మాట అని అడగండి. గుచ్చి అడిగితే ఆవిడకు తెలుసు, అడగకపోతే తియ్యటి కథే వస్తుంది.

చివర్లో ప్రతి ఒక్కరికీ జార్జియన్ లిపిలో సొంత పేరు అచ్చు వేసిన ప్రశంసాపత్రం ఇస్తారు. నా దాంట్లో ఇంటిపేరుకు ‘-ష్విలి’ తగిలించి ఉంది. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఊరికి బిడ్డ ఎలా పుడతాడు, రెండు రోజులు మీరు చెప్పిన లెక్కన ఇక్కడ ‘-ఎలి’ కదా రావాలి అన్నాను. ఆవిడ ఒక్క క్షణం కాగితం వంక చూసి, కలం తీసి, అచ్చయిన ‘-ష్విలి’ని కొట్టేసి, పక్కన చేత్తో ‘-ఎలి’ అని రాసిచ్చారు.